సొరుగులో గోలీలు

దయ్యాలంటే నాకు నవ్వొచ్చేది. మెడికల్ షాపులో తొమ్మిదేళ్లుగా పని చేస్తున్నాను. గాలి సోకిందని వచ్చిన వాళ్లకు ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చి పంపిన దాన్ని. అందుకే ఇది రాయడానికి ఇన్నాళ్లూ సిగ్గుపడ్డాను.

సిగ్గు దానికొక్కటే కాదు. ఇందులో నా కుళ్లు కూడా ఉంది. అది దాచి చెబితే సగం అబద్ధమవుతుంది.

మా ఆయనకు నేను రెండో భార్యను. మొదటి భార్య సరోజ జ్వరంతో పోయింది. నేను ఆమెను చూడలేదు. మా కొత్తవాడలో ఆమెను చూడని మనిషి నేనొక్కదాన్నే అనిపించేది. ఏ కూర వండినా సరోజ ఇట్లా వండేది, ఏ ముగ్గు వేసినా సరోజ అట్లా వేసేది అనేవాళ్లు.

మా దగ్గర ఒక ఆచారం ఉంది. చనిపోయిన సవతి పేరున చిన్న బిళ్ల చేయించి, సవతి పుస్తె అని, రెండో భార్య మెడలో వేసుకోవాలి. కొత్త చీర కొంటే ముందు ఆమె ఫొటో దగ్గర పెట్టి, తర్వాతే కట్టుకోవాలి. నాలుగేళ్లు నేను ఆమె విడిచిన చీరలే కట్టుకున్నట్టు ఉండేది.

ఆయన తాగుడూ ఆమెతోనే వచ్చింది. ఆమె పోయిన దిగులుతో అలవాటైందట. ఆయన జంపఖానాలు నేస్తాడు. సాయంత్రం మగ్గం దిగగానే బెల్టు షాపు దారి పట్టేవాడు. బతికున్న దాన్ని నేను ఎదురుగా ఉండగా, పోయిన మనిషి కోసం తాగుతుంటే ఒళ్లు మండేది.

చివరికి నేనే పట్టుబట్టి దవాఖానకు తీసుకుపోయాను. రక్త పరీక్షలు చేయించి డాక్టరమ్మ రోజుకొక గోలీ రాసింది. దాంతో తాగాలన్న యావ తగ్గుతుందని, గోలీ ఒక్కటే చాలదని, కౌన్సెలింగ్‌కు కూడా రావాలని చెప్పింది. "పొద్దున్నే నీ చేతితోనే ఇయ్యమ్మా, ఆయనకు వదిలెయ్యొద్దు" అంది.

ఆ మాట నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. సరోజ తగిలించిపోయిన తాగుడును నేను వదిలిస్తాను, అప్పుడు చూద్దాం ఎవరి పేరు చెబుతారో అనుకున్నాను.

షాపు అలవాటు కొద్దీ ఒక్కో గోలీ వెనక రేకు మీద పెన్నుతో ముందే తేదీ వేసి పెట్టేదాన్ని. తొమ్మిదింటికి టిఫిన్ కాగానే ఇచ్చి, మింగేదాకా నిలబడేదాన్ని. నెలన్నర తిరిగేసరికి మనిషి మారాడు. బస్తీలో వాళ్లు నీ చేతి చలువ అంటుంటే నా కాలు నేల మీద ఆగలేదు.

ఒకరోజు స్నానం చేసి వచ్చి చూస్తే ఆనాటి గోలీ లేదు. అడిగితే "ఇప్పుడే ఇస్తివి గదా" అన్నాడు. పరాచికమనుకున్నాను. మూడు రోజులకు మళ్లీ అదే జరిగింది. గట్టిగా నిలదీశాను. మగ్గం మీద వంగి పోగు అతుకుతుంటే వెనక నుంచి చెయ్యి చాపానట. మొఖం చూడలేదట.

"చేదుగున్నదని బెల్లం ముక్క గూడ పెడితివి" అన్నాడు.

నేను ఎన్నడూ బెల్లం పెట్టలేదు. అసలు ఆ నెల ఇంట్లో బెల్లమే లేదు.

అత్తమ్మ అప్పుడు పరకాలలో ఆడబిడ్డ దగ్గర ఉంది. ఇంట్లో మేమిద్దరమే. గోలీ పారేసి అబద్ధమాడుతున్నాడేమోనని నోటి వాసన చూశాను. తాగలేదు. పక్కింటి ఆమె మీద అనుమానంతో రెండు పొద్దులు వాకిట్లో కాపలా కాశాను. ఎవరూ రాలేదు. అత్తమ్మకు ఫోన్ చేసి, మాటల్లో మాటగా బెల్లం సంగతి తీశాను.

"మా సరోజనే బిడ్డా, వానికి ఏ గోలీ ఇచ్చినా ఎనుక బెల్లం ముక్క పెట్టేది" అంది.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. దవాఖాన చుట్టూ తిరిగింది నేను, ఆ వాసన పక్కన పడుకుంది నేను, ఇచ్చే చెయ్యి మాత్రం ఆమెదా? మెడలోని ఆ పుస్తె తీసి బియ్యం డబ్బాలో పడేశాను. గోలీల స్ట్రిప్పు తీసుకుపోయి షాపులో నా సొరుగులో పెట్టి తాళం వేశాను. ఇప్పుడు ఎట్లా ఇస్తావో ఇయ్యి అనుకున్నాను.

రెండు రోజులు కావాలనే ఆయనకు గోలీ ఇవ్వలేదు. ఆయన మళ్లీ తాగితే ఇన్నాళ్ల కష్టం మట్టిపాలవుతుందని తెలుసు. మందుల షాపులో పనిచేసే దానికి ఇంకొకరు చెప్పాలా. పైగా రెండో రోజు ఆయన దోస్తు బిడ్డ పెండ్లి. అక్కడ మందు పోస్తారని తెలిసీ పంపించాను. షాపుకు సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను.

నాలుగింటికి మామూలుగా వచ్చాడు. "గ్లాసు చేతుల పెట్టిన్రు. తాగబుద్ధి కాలే. పొద్దుగాల నువ్వు గోలీ ఇచ్చినప్పుడే అనుకున్న, ఇయ్యాల ఫికర్ లేదని" అన్నాడు.

ఆ పొద్దున నేను ఆయన దగ్గరికే పోలేదు.

వెంటనే ఆటో ఎక్కి షాపుకు పోయాను. సొరుగు తాళం వేసే ఉంది. తీస్తే స్ట్రిప్పు పెట్టిన చోటనే ఉంది. ఆ రెండు తేదీలు వేసిన చోట రేకు చినిగి ఉంది, గోలీలు లేవు. మిగతావి అన్నీ ఉన్నాయి. ఆ తాళానికి రెండో చెవి లేదని ఓనరు సారు చెప్పాడు. కెమెరా కూడా వేసి చూపించాడు. నేను స్ట్రిప్పు పెట్టి తాళం వేశాక ఇప్పటిదాకా ఆ సొరుగును ఎవరూ తెరవలేదు, నేను కూడా.

తెలియకుండా నేనే ఇచ్చానేమోనని చాలా ఆలోచించాను. కుదరదు. గోలీలు షాపులో ఉంటే, ఇంట్లో నేనేం ఇస్తాను?

ఏడాది నిండాక డాక్టరమ్మ గోలీలు ఆపింది. "మీ ఆవిడ ఒక్క రోజు గూడ తప్పకుండ ఇచ్చింది, అందుకే నిలబడ్డరు" అని ఆయనతో అంది. నేను తల ఊపాను. ఆ రెండు రోజుల సంగతి ఆమెకూ చెప్పలేదు, ఆయనకూ చెప్పలేదు. పంతం కోసం నేను ఆయన్ను పందెంలో పెట్టాను. ఎవరో కాపాడారు. ఎవరో అనే రాస్తున్నాను. ఇంకో మాట రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఆయన ఇప్పటికీ తాగడం లేదు. అలవాటు మాత్రం పోలేదు. పొద్దున తొమ్మిదింటికి, మగ్గం మీంచి తల ఎత్తకుండానే అరచెయ్యి చాపుతాడు. వంటిల్లు ఆయనకు కుడివైపు, నేను అక్కడే ఉంటాను. ఆయన చాపేది ఎడమ చెయ్యి, గోడ వైపు. అటు ఏమీ లేదు.

అదెందుకో నాకు తెలియదు, ఆయనను అడగలేదు. పొయ్యి మీద ఏమున్నా వదిలేసి, పోయి ఆ గోడకూ ఆ చేతికీ మధ్య నిలబడతాను.