బయట నిలబడ్డ చివరి ఆమె

కాజాలక్కకి ఆ పేరు దర్జీ దుకాణంలో వచ్చింది. చొక్కాలకు కాజాలు కుట్టడం ఆమె పని. పగలంతా గుండీ దూరేంత కంతల చుట్టూ దారం తిప్పి తిప్పి, ఇంటికొచ్చాక కిటికీ దగ్గరికి బల్ల లాక్కుని నీటిరంగులతో బొమ్మలు వేసేది. రేకు డబ్బాలో రంగు బిళ్లలు, పక్కన రెండు గ్లాసుల నీళ్లు. ఒకటి కుంచె కడగడానికి, ఒకటి రంగు కలపడానికి. ఆ రెండో గ్లాసులో ఎవరైనా మురికి కుంచె ముంచారో, ఇక వాళ్లతో మాటల్లేవు. డబ్బాలో తెల్లరంగు మాత్రం ఉండేది కాదు. వెలుగు కావాల్సిన చోట కాగితాన్ని అలాగే వదిలేయాలి. ఒకసారి నలుపు పడిందంటే ఆ తెలుపు మళ్లీ రాదు.

చర్చిలో ఆడవాళ్లు కూడుకునే గదికి పదిమంది కన్యకల బొమ్మ కావాలని పాస్టరమ్మ అడిగింది. పెళ్లికొడుకు కోసం దివిటీలతో ఎదురుచూసిన పదిమందిలో ఐదుగురు నూనె వెంట తెచ్చుకున్నారు, ఐదుగురు తెచ్చుకోలేదు. వీళ్లు నూనె కోసం పరుగెత్తి తిరిగొచ్చేసరికి తలుపు మూసేశారు. ఎంత పిలిచినా, మీరెవరో తెలియదన్న జవాబే వచ్చింది.

ఆ కన్యకలకు కాజాలక్క తమ వీధి ఆడవాళ్ల ముఖాలే వేస్తోందని తెలిశాక ఇంకేముంది, సూది కావాలని ఒకరు, దారం కావాలని ఒకరు వచ్చి బల్ల మీదికి తొంగిచూడటమే.

"ఏమే, నన్ను ఏ గుంపులో పడేశావు?" అని రొట్టెల దుకాణం పిన్ని నేరుగానే అడిగేసింది.

"లోపలే పిన్నీ."

"మరి మా తోడికోడలు?"

"ఆమే లోపలే."

"అయితే నన్ను బయటెయ్యి. దానితో ఒక గదిలో నేనుండలేను."

ఈ గొడవ పడలేకే కాజాలక్క బయటి ఐదుగురినీ వెనకనుంచి చూపించింది. వీపుల మీద ఎవరూ తగువుకు రారు కదా. కానీ చెయ్యి తనకు తెలిసిందే గీస్తుంది. చివరి ఆమెకు కుడి భుజం కాస్త కిందికి జారింది, మెడ ఓ పక్కకు ఒరిగింది. అది చెల్లెలి వీపు.

తల్లి మంచాన పడ్డప్పుడు ఆ చెల్లెలు లారీ నడిపే మనిషి వెంట వెళ్లిపోయింది. తల్లి పోయి, మట్టి చేసి అందరూ ఇళ్లకొచ్చాక తిరిగొచ్చి తలుపు తట్టింది. "నువ్వెవరో నాకు తెలియదు" అని కాజాలక్క లోపలినుంచే చెప్పి గడియ పెట్టింది. వీధి వీధంతా విన్నది.

బొమ్మ పూర్తయ్యే రోజుల్లోనే ఆసుపత్రి వాళ్లు ఇక చేసేదేమీ లేదని చెల్లెల్ని తెచ్చి ఆ ఇంట్లోనే దింపిపోయారు. కాజాలక్క కాదనలేదు. ఒళ్లు తుడిచింది, జావ పట్టింది, పక్కబట్టలు మార్చింది. మెత్తని మాట మాత్రం ఒక్కటీ నోట రాలేదు. చెల్లెలు మంచం మీదనుంచి బొమ్మ వైపే చూస్తుండేది.

"అక్కా, ఆ చివరిది నేనే కదూ?"

"ఎవరైతే ఏం. వీపేగా."

"నా వీపు నాకు తెలీదా? అంత వంకర భుజం మనింట్లో ఇంకెవరికుంది. నన్ను లోపల పెట్టవే."

"రంగు ఆరిపోయింది. కుదరదు."

"తుడిస్తే పోదా?"

"కాగితం చిరుగుతుంది."

"చిరగనీ. నేను చిరగలేదా."

కాజాలక్క గ్లాసులు తీసుకుని నీళ్లు పారబోయడానికి వెళ్లింది. తుడిస్తే కాగితం చిరిగే మాట నిజమే. పెట్టెలో ఇంకో కాగితం ఉన్న మాటా నిజమే. అది చెప్పలేదు. మర్నాడు బొమ్మను పాస్టరమ్మకు అప్పగించేసింది.

"ఇచ్చేశావా," అంది చెల్లెలు ఖాళీ బల్ల చూసి.

"అడిగారుగా."

చెల్లెలు గోడవైపు తిరిగి పడుకుంది. మళ్లీ ఆ ఊసెత్తలేదు. క్రమంగా జావ మింగడం కూడా మానేసింది.

ఓ ముసురు రోజు దుకాణంలో కాజాలక్క చొక్కాకు కాజాలు కోయాల్సిన పక్క వదిలేసి, గుండీలు కుట్టాల్సిన పక్క కత్తెర పెట్టింది. దర్జీ కోప్పడలేదు. "నీ చెయ్యి ఇక్కడ లేదక్కా, ఇంటికెళ్లు," అన్నాడు.

ఆమె తడిసిన చెప్పులతోనే లోపలికొచ్చి పెట్టెలోంచి కాగితం తీసింది. వాకిలి గీసింది. వాకిలి లోపలంతా పసుపు పరుస్తూ, ఐదు దివిటీల పక్కన ఆరో దివిటీకి తెలుపు వదిలింది, దాని పైన ఓ ముఖానికి చోటు వదిలింది.

"ఇటు చూడు. నువ్విక్కడ. వాకిలి దాటి లోపల."

చెల్లెలు చాలాసేపు చూసింది. "ముఖం లేదేంటే?"

"తడిమీద వేస్తే కరిగిపోతుంది. ఆరనీ."

"నీకెప్పుడూ అన్నీ పద్ధతిగానే జరగాలి," అని చెల్లెలు నవ్వబోతే దగ్గొచ్చింది.

ముసురుకు కాగితం ఆరలేదు. కాజాలక్క గిన్నె మూతతో విసిరింది. పొయ్యి దగ్గర పట్టుకుంటే అంచు ముడుచుకుంది. వేలి వెనకవైపుతో తాకి చూడటం, మళ్లీ విసరడం.

"పోనీలేవే, తొందరపడకు," అంది చెల్లెలు కళ్లు మూసుకునే. "ముందుచూపు ఉన్నది నీకేగా."

కాసేపటికి కాగితం వేలికి పొడిగా తగిలింది. కాజాలక్క కుంచె తడిపి, ముఖం చూసుకుందామని మంచం వైపు తిరిగింది. చెల్లెలి కళ్లు సగం తెరిచి ఉన్నాయి. చూడటం లేదు. చూసి వేసుకోవడానికి ముఖం ఎదురుగానే ఉంది, కదలకుండా. కుంచెలో తడి ఆరేదాకా అలాగే నిలబడింది, వేయలేకపోయింది.

ఆ కాగితం మళ్లీ పెట్టెలోకి పోయింది. మొదటి బొమ్మ మాత్రం చర్చి గదిలో గోడమీద ఉంది. కూడుకున్నప్పుడల్లా ఆడవాళ్లు ఎవరి ముఖం వాళ్లు చూసుకుని మురుస్తుంటారు. ఓరోజు రొట్టెల దుకాణం పిన్ని కళ్లద్దాలు ముక్కుమీదికి జార్చి దగ్గరికెళ్లింది.

"బయటున్న ఆ చివరిదెవరే? ఎక్కడో చూసిన వీపులా ఉంది."

వెనక బెంచీలో కూర్చున్న కాజాలక్క తలెత్తింది.

"మా చెల్లెలు," అంది.

పిన్ని కళ్లద్దాలు తీసి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది.