మచ్చ చూసి మంచమిచ్చే మనిషి

1958 మార్చి మొదటి మంగళవారం, సాయంత్రం ఆరున్నరకు, సత్తెనపల్లి బస్సు తప్పిపోయి అమ్మా నాన్నా నేనూ తమ్ముడూ బ్రాడీపేటలో ఒక లాడ్జికి వెళ్ళాం. ఊళ్ళో మశూచి. లాడ్జి యజమాని ప్రతివారి జబ్బ పట్టుకుని, టీకా మచ్చను బొటనవేలితో తడిమి చూసి, అప్పుడు గది తాళం ఇచ్చేవాడు. నాలుగేళ్ళ తమ్ముడికి మచ్చ లేదు.

“పసివాడండీ, వీధిలో పడుకోబెట్టమంటారా?” అన్నాడు నాన్న.

“మచ్చ లేకపోతే మూలగదేనండి. అది అమ్మవారిది. రోజూ పక్కేసి పెరుగన్నం పెడతాను. ఆవిడొస్తే మచ్చ చూపించమనలేం గదా!”

నాన్న నవ్వి ఆ గదే తీసుకున్నాడు.

తెల్లవారేసరికి పెరుగన్నం గిన్నె ఖాళీగా ఉంది. “అత్త తినిపించింది” అన్నాడు తమ్ముడు. మా వెంట అత్త ఎవరూ రాలేదు.

మేం బయల్దేరుతుంటే యజమాని వాడి జబ్బ ముట్టుకోలేదు. చెప్పులు విడిచి, వాడికి దణ్ణం పెట్టాడు.

ఆ ఉదయం బస్సెక్కింది నలుగురం. నెలాఖరుకు తమ్ముడు పోయాడు. ముగ్గురం మిగిలాం.