అవ్వ రాసిన దొంగ చీటీలు

నా చిన్నప్పుడు పుంగనూరులోని మా ఇంట్లో క్రిస్మస్ పండుగ డిసెంబరు మొదటి ఆదివారమే మొదలయ్యేది. చర్చి నుంచి రాగానే మా అవ్వ ఇంట్లోవాళ్ళందరి పేర్లూ చిన్న చిన్న కాగితాల మీద రాసి, మడిచి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసి కలిపేది. ప్రార్థన అయ్యాక తలా ఒక చీటీ తీయాలి. ఎవరి పేరు వస్తే వాళ్ళే మనకు ఆ ఏటి క్రిస్మస్ ఫ్రెండు. పండుగ దాకా వాళ్ళకు తెలియకుండా రోజుకొక చిన్న మేలు చేయాలి. కొన్న వస్తువులు ఇవ్వకూడదు. మన చేత్తో చేసిందో, మన వాటాలోంచి మిగిల్చిందో అయివుండాలి. ఎవరికి ఎవరి పేరు వచ్చిందో పండుగనాడు భోజనానికి కూర్చునే ముందు చెప్పాలి. అంతవరకూ నోరు విప్పకూడదు.

ఏదైనా రహస్యం ఉందంటే దాని అంతు చూసేదాకా నాకు అన్నం సహించేది కాదు. నా పేరు ఎవరికి వచ్చిందో కనిపెట్టాలని ప్రతి ఏడూ ఇంట్లో అందరి వెనకా పిల్లిలా తిరిగేదాన్ని.

నాకు పదేళ్ళు నిండిన ఏడాది మా ఇంటికి ఒక చెల్లెలు వచ్చింది. మా చిన్నాన్న కుప్పంలో లారీ నడిపేవాడు. ఆ వానాకాలంలో చిన్నమ్మ జ్వరంతో పోయింది. లారీ ఎక్కితే వారం దాకా ఇల్లు చేరలేని మనిషి ఏడేళ్ళ కూతుర్ని ఒంటరిగా ఎట్లా పెట్టుకుంటాడు? తెచ్చి మా దగ్గర వదిలాడు. ఆ పిల్ల ఏడ్చేది కాదు, అల్లరి చేసేది కాదు. అన్నం పెడితే నాలుగు మెతుకులు తిని, కిటికీ దగ్గర కూర్చునేది. ఏమడిగినా తల ఊపడమే తప్ప మాట లేదు. అన్నిటికీ మించి, తన తల ఎవరినీ తాకనిచ్చేది కాదు. మా అమ్మ దువ్వెన పట్టుకుని దగ్గరికి వెళితే రెండు చేతులతో నెత్తి కప్పుకుని మూలకు జరిగిపోయేది. జుట్టంతా చిక్కులు పడి, కొబ్బరి పీచులా తయారైంది.

నవంబరులో చిన్నాన్న వచ్చి కూతురి పరిస్థితి చూశాడు. పండుగ దాకా చూసి, అప్పటికీ ఇట్లాగే ఉంటే మదనపల్లెలో హాస్టల్లో చేర్పిస్తానన్నాడు. తోటిపిల్లల మధ్య ఉంటే మారుతుందేమోనని ఆయన ఆశ. అవ్వ మొహం వాడిపోయింది గానీ, కన్నతండ్రి మాటకు అడ్డుపడలేదు.

ఆ ఏడు చీటీల రోజున నాకు చెల్లెలి పేరు వచ్చింది. నిజం చెప్పాలంటే నీరసపడ్డాను. నవ్వని, మాట్లాడని పిల్లకు ఏం చేసి ఏం లాభం అనుకున్నాను. చెల్లెలు డబ్బాలో చెయ్యి పెట్టనే లేదు. అవ్వే ఒక చీటీ తీసి దాని గుప్పిట్లో పెట్టింది.

మరుసటి రోజు నా వంతు వేరుశనగకాయల్లో సగం ఒలిచి, కాగితంలో పొట్లం కట్టి, చెల్లెలి గౌను జేబులో పెట్టబోయాను. అందులో అప్పటికే రెండు గాజు గోళీలు ఉన్నాయి. అవి మా అన్నవి. పెన్సిలు ముక్క కూడా ఎవరికీ ఇవ్వని మనిషి మా అన్న. మూడో రోజు తెగిపోయిన దాని స్కూలు సంచి పట్టీ మళ్ళీ అతుక్కుని ఉంది. ఆ తర్వాత ఒక సాయంత్రం, చెల్లెలి పాలగ్లాసులో మీగడా చక్కెరా వేసి కలుపుతున్న మా అమ్మను చూశాను. ఇంట్లో మీగడంతా నెయ్యికే అని మమ్మల్ని గిన్నె దగ్గరికి కూడా రానివ్వని అమ్మ.

దాని చీటీ వచ్చింది నాకు కదా, మధ్యలో వీళ్ళంతా ఎవరు? కాపలా కాయాలని నిశ్చయించుకున్నాను. ఒక ఆదివారం మధ్యాహ్నం బియ్యం బస్తాల వెనక నక్కి కూర్చుంటే, మా నాన్న అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చాడు. చుట్టూ చూసి, చెల్లెలి చెప్పు తీసుకుని, గోనెసూదితో ఊడిపోయిన పట్టీ కుట్టడం మొదలుపెట్టాడు. సూది వేలికి గుచ్చుకుంటే చప్పుడు కాకుండా వేలు నోట్లో పెట్టుకున్నాడు.

ఇక ఆగలేక అవ్వ దగ్గరికి పరిగెత్తాను. అవ్వ కజ్జికాయల కోసం కొబ్బరి కోరుతోంది. చీటీల్లో ఏదో తప్పు జరిగిందని, నా పని ఇంట్లో అందరూ చేసేస్తున్నారని ఫిర్యాదు చేశాను. అవ్వ తలెత్తలేదు.

"తప్పు జరిగింటే పండగ దినం తెలుస్తాది లే. ఇంగొకరు సేస్తాండారని నువ్వు మానేస్తావా పాపా?" అంది.

మానలేదు. కానీ ఇంకో అనుమానం మిగిలింది. నా పేరు ఎవరికి వచ్చినట్టు? రోజులు గడుస్తున్నా నాకు ఎవరూ ఏమీ చేయలేదు. ఆ ఏడు నన్ను అందరూ మరిచిపోయారనే అనుకున్నాను.

పండుగ ముందురోజు మధ్యాహ్నం అన్న కేకు పిండి గిన్నె పట్టుకుని, సెంటరులో భాయి బేకరీలో కాల్పించుకురావడానికి వెళ్ళాడు. నేను ఎండలో మెట్టు మీద కూర్చుని వెదురు పుల్లల నక్షత్రానికి రంగు కాగితం అతికిస్తున్నాను. చేతులనిండా మైదా జిగురు. వెనక ఎవరో వచ్చి కూర్చున్నట్టయింది. నా జడ రిబ్బను ఊడింది. చిన్న వేళ్ళు నా జుట్టును పాయలు తీస్తున్నాయి. అమ్మ కాదని వెంటనే తెలిసింది. అమ్మ వేళ్ళకు అంత ఓపిక ఉండదు. తల తిప్పితే ఆ చేతులు ఆగిపోతాయేమోనని ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చెవి పక్కనుంచి మొదలుపెట్టి, గట్టిగా, వంకర లేకుండా, నేను ఎన్నడూ వేసుకోని రకం జడ అది. కొస దాకా అల్లి రిబ్బను ముడి వేశాక, వెనకనుంచి మాట వినిపించింది.

"మాయమ్మ ఇట్లే ఏసేది."

మా ఇంటికి వచ్చాక అది పలికిన మొదటి మాట. జిగురు చేతులు లంగాకు తుడుచుకున్నాను. కాసేపటికి చెల్లెలు లేచి ముందుకు వచ్చి, దువ్వెన నా ఒళ్ళో పెట్టి, నాకు వీపు తిప్పి కూర్చుంది. ఆ చిక్కులు తీయడానికి పొద్దు వాలేదాకా పట్టింది. నొప్పి పుట్టినప్పుడు భుజం కదిలించేది తప్ప లేచిపోలేదు. అమ్మ ఒకసారి గుమ్మంలోకి వచ్చి, మమ్మల్ని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అట్లాగే వెనక్కి వెళ్ళిపోయింది.

పండుగనాడు చిన్నాన్న కుప్పం బస్సు దిగి, హాస్టలుకని కొన్న కొత్త రేకు పెట్టెతో వచ్చాడు. చర్చి అయ్యాక అందరం చాప మీద చుట్టూ కూర్చున్నాం. చీటీలు బయటపెట్టే వేళ. నాన్న గొంతు సవరించుకుని చెల్లెలి పేరు చెప్పాడు. అమ్మ ఆశ్చర్యపోయి తన చీటీ విప్పింది. అందులోనూ అదే పేరు. అన్న చీటీలో, నా చీటీలో, అవ్వ చీటీలో కూడా అదే. ప్రార్థన చేసి తీసిన చీటీల్లో ఇంత దొంగతనమా అని అన్న గొడవపెట్టాడు. అవ్వ మాత్రం, దేవుడు నా చెవిలో చెప్పినట్టే రాశానంటూ చారు గిన్నె మూత తీసింది.

చివరికి చెల్లెలు తన చీటీ విప్పి చూపించింది. దానిలో నా పేరు ఉంది.

చిన్నాన్న కూతురి నున్నటి జడను, దాని ముందున్న ఐదు చీటీలను మార్చి మార్చి చూశాడు. మదనపల్లె పోదామా అమ్మా అని మెల్లగా అడిగాడు. చెల్లెలు నాకు దగ్గరగా జరిగి, "ఈడే ఉంటా నాన్నా" అంది. ఆయన కండువాతో కళ్ళు ఒత్తుకున్నాడు. పెళ్ళయ్యేదాకా చెల్లెలు మా ఇంట్లోనే పెరిగింది.

పెద్దయ్యాక ఒకసారి అవ్వను అడిగాను, మా అందరికీ ఒకే పేరు రాసిన దానివి, చెల్లెలికి మాత్రం నా పేరు ఎందుకిచ్చావని. అందరం దాన్ని చూసుకుంటున్నాం కదా, దుఃఖంలో ఉన్న పిల్లకు పని చెప్పడం ఎందుకని నా సందేహం.

"ఎంతసేపూ ఒకరు సేస్తా ఉంటే తీసుకుంటా కూసుంటే మనిషి లేసేదెప్పుడు? దానికీ ఒకరి కోసం సేసే పని ఉండాల పాపా" అంది అవ్వ.

ఇప్పుడు నేను మదనపల్లెలో ఉంటున్నాను. ఈమధ్య మా వీధిలో ఒకావిడకు భర్త పోయాడు. ఇరుగుపొరుగు వంతులు వేసుకుని క్యారియర్లు పంపుతున్నారు. ఆవిడ మూత తీసి చూడడం లేదు. నేను సూదీ దారం పట్టుకుని వెళ్ళాను. కళ్ళు సరిగా కనబడటం లేదమ్మా, కాస్త దారం ఎక్కించిపెడతావా అని అడిగాను. నా కళ్ళు మరీ అంత మసకేమీ కాదు. ఆవిడ నా వైపు ఒక క్షణం చూసి, దారం కొస తడిచేసి, కిటికీ వెలుతురుకు సూది ఎత్తి పట్టుకుంది. మర్నాడు పొద్దున తనే మా గుమ్మంలోకి వచ్చి, ఇంకేమన్నా కుట్టేది ఉందా అక్కా అని అడిగింది.