రెండు నిమిషాల ఆకాశం

మా పక్క ఫ్లాట్ ఆంటీ గత శుక్రవారం ఉదయం కన్నుమూశారు. బుకిట్ పంజాంగ్‌లోని మా బ్లాకంతా ఆ వార్త తెలిసేసరికి, ఇక్కడి తెలుగు ఆన్‌లైన్ రేడియోలో ఆమె రాసిన ఆకాశం కబుర్లు వస్తూనే ఉన్నాయి. వారానికి సరిపడా ముందే రాసిపెట్టడం ఆమె అలవాటు.

విజయవాడలో ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాక, ఈ దేశంలో ఉంటున్న కూతురి దగ్గరికి వచ్చేశారు. రోజుకు రెండు నిమిషాలు, ఒకటే విషయం. ఎటు తిరిగి నిలబడాలో మొదటి వాక్యంలోనే చెప్పేవారు. రాసింది వంటింట్లో తిరుగుతూ పైకి చదువుకునేవారు. ఊపిరి అందని చోట వాక్యాన్ని రెండు చేసేవారు. "వినేవాడు ట్రైన్‌లో నిలబడి ఉంటాడమ్మా, వెనక్కి తిప్పి వినడు" అనేవారు. రికార్డు చేసి నెట్‌లో పెట్టే పని నాది. ఆడియోతోపాటు రాసిందీ పెట్టమనేవారు, ఎవరైనా వాడుకోవచ్చని. "నా పేరు చెప్పకపోయినా పర్లేదు, తప్పు చెప్పకపోతే చాలు."

రెండేళ్ళ క్రితం గొంతు క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్‌లో స్వరపేటిక తీసేశారు. రేడియో నిర్వాహకుడు ఆస్పత్రికి వచ్చి, "ఇక చాలండీ ఆంటీ, కార్యక్రమానికి చక్కగా వీడ్కోలు చెప్పేద్దాం" అన్నాడు. ఆమె ఫోన్ అందుకుని టైప్ చేసి చూపించారు: "పోయింది నా గొంతు. ఆకాశానికేమైంది?"

ఇంటికొచ్చిన వారమే రాయడం మొదలుపెట్టారు. నేను చదివాను. తప్పు చదివితే వేలితో బల్ల కొట్టేవారు, ఆ పూట చాలాసార్లు కొట్టారు. చివరికి "వినేవాళ్ళనే అడుగుదాం" అని రాశారు. మొదట ముందుకొచ్చింది షిప్‌యార్డులో వెల్డింగ్ చేసే శ్రీకాకుళం అతను. మైకు ముందు బిగుసుకుపోయాడు.

"నాను సదివితే ఎవులింటారు ఆంటీ? నా మాటిలాగే ఉంటాది."

"అలాగే ఉండాలి. మీ అమ్మతో ఫోన్‌లో చెప్తున్నాననుకో" అని టైప్ చేశారు.

"అమా, పడమటేపు సూడు" అని మొదలుపెట్టాడు. ఆంటీ కళ్ళు మూసుకుని చివరిదాకా విన్నారు.

ఆ రెండు నిమిషాలు వలస కార్మికులుండే డార్మిటరీల ఫోన్ గ్రూపుల్లో తిరిగి అతని ఊరు కూడా చేరాయి. ఆ తర్వాత కరీంనగర్ నుంచి వచ్చిన బ్యాంకు ఉద్యోగిని, కడప డ్రైవర్, ఇంకా ఎందరో వచ్చి చదివారు. వేరే దేశాల్లోని తెలుగు రేడియోలూ ఆమె రాసింది తీసుకుని తమ యాసల్లో చదువుకున్నాయి. వీడ్కోలు చెప్పేద్దామన్న నిర్వాహకుడే సాయంత్రం రెండో ప్రసారం పెట్టాడు.

ఒక మధ్యాహ్నం మా బ్లాకు కింద తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో భోంచేస్తుంటే, పక్క బల్ల దగ్గర ఫోన్‌లో "గా ఎర్రగ మెరిసేది చుక్క గాదు, అంగారకుడు" అని వినిపించింది. ఆంటీ నా భుజం పట్టి ఊపేశారు. ఫోన్ నా ముందు పెట్టారు: "మనదే అని అరిచి చెప్పు!" నేను అరిచాను. అందరూ తిరిగి చూస్తుంటే ఆమె శబ్దం లేకుండా, ఒళ్ళంతా కదిలేలా నవ్వారు.

ఆమె రాసిన చివరి కార్యక్రమం ఆదివారానిది. దాన్ని కలిసి విందామని ఆ సాయంత్రం మా కార్‌పార్క్ పై అంతస్తుకు శ్రోతలంతా వచ్చారు. ఊరికి ఆ చివరనున్న పాసిర్ రిస్ నుంచి కూడా వచ్చారు. పడమరంతా మబ్బు. "క్లౌడ్ సో మచ్ లా" అంది మా అమ్మాయి. వెల్డర్ చదవడం మొదలుపెట్టాడు. చేయి చాచి పిడికిలి బిగించి, నేల అంచు నుంచి పిడికిలి మీద పిడికిలి పెట్టుకుంటూ పొమ్మని, మూడో పిడికిలి పైన శుక్రుడుంటాడని రాశారు ఆంటీ.

అతను చదువుతుండగానే మబ్బు విడిపోయింది. ఆకాశంలోకి ఒక్కసారిగా అన్ని పిడికిళ్ళూ లేచాయి.