పదకొండు ముళ్ల కార్డు

“ఆపప్పా దాన్ని ఒక్క నిమిషం! ఊపిరి తీసుకోకుండా చదువుతాండాది. వినేవాళ్లకు ఆయాసం రాదా?”

రాయదుర్గం డిగ్రీ కాలేజీ గ్రంథాలయంలో కొత్త యంత్రం ముందు నిలబడి ఎస్తేరు అన్న మాట అది. కెమెరా కింద పుస్తకం తెరిచి పెడితే చాలు, గడగడా చదివేస్తుంది. చూపులేని పిల్లల కోసం తెప్పించారు. బిగించడానికి వచ్చిన రంగన్న మీట నొక్కి దాని నోరు మూయించాడు. కంప్యూటర్ పని ఎవరి దగ్గరా నేర్చుకోకుండానే ఒంటబట్టించుకున్నవాడతను. ఎవరైనా మాట మొదలుపెడితే చేతిలో పని పక్కన పెట్టేస్తాడు.

“ముందు పిల్లలకు నువ్వే చదివిపెడతాంటివంట కదా, ఎట్ల చదివేదానివక్కా?”

“నాదేముందిలే. చర్చిలో వాక్యం చదివే గొంతు. దాంతోనే చరిత్రా, ఎకనామిక్సూ అన్నీ.”

పదో తరగతితో చదువు ఆగిపోయిన ఎస్తేరు ఇరవై రెండేళ్ల కిందట ఇక్కడ ఊడ్చే పనికి చేరింది. పుస్తకాలు సర్దడం చూసి చూసి నేర్చుకుంది. పదేళ్ల కిందట ఒకరోజు ఓబుళేసు అనే చూపులేని విద్యార్థి, చదివిపెట్టేవాళ్లు రాక, పుస్తకం ఒళ్లో పెట్టుకుని పేజీలు తడుముతూ కూర్చుని ఉన్నాడు. చీపురు గోడకు ఆనించి ఆ పుస్తకం తీసుకుంది. అంతే, మూడేళ్లు చదివింది.

“‘అక్కా, చరిత్ర చదువుతాండావా, ప్రార్థన చేస్తాండావా? చివర్లో ఆమెన్ అనాల్నా?’ అనేవాడు. ‘పాసైతే అందువులేరా’ అంటాంటి.”

పగలు తీరిక చాలక, సాయంత్రాలు ఇంట్లో కూర్చుని ఫోన్లో చదివి, చిన్న చిన్న మెమరీ కార్డులకు ఎక్కించి ఇచ్చేది. ఏ కార్డు ఏదో వాడికి తెలియాలి కదా! ఎస్తేరు తల్లి అక్కమ్మ ఇంట్లోనే జీన్స్ ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరించే పని చేసేది. ఆ దారాలతోనే ఒక్కో కార్డు పొట్లానికీ ముళ్లు వేసేది ఎస్తేరు. మొదటిదానికి ఒక ముడి, రెండోదానికి రెండు. అలా పంతొమ్మిది కార్డులు.

“అవి ఉంటే డిజిటల్ లైబ్రరీలో పెట్టొచ్చక్కా. యా ఊరి పిల్లలైనా ఫోన్లో వింటారు.”

“యాడుండాయప్పా? వాడే తీసుకొనిపాయె. నా ఫోను చెడిపోయినప్పుడు వాని నంబరూ పాయె.”

రంగన్న ఆమె వైపు తిరిగాడు. “పోయిన వారం కణేకల్లో ఒక స్కూల్లో ఇట్లాంటిదే బిగించినా. ఆడ ఓబుళేసు సారని ఉండాడు. ఇది చదివేది విని, ‘మా అక్కైతే పేరా కాడ ఆగి నీళ్లు తాగేది’ అని నవ్వినాడు. బీరువాలో దారం కట్టిన పొట్లాలు చూసి, ఏం మొక్కుబడో అనుకున్నా.”

ఎస్తేరు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

“సారైనాడా వాడు!”

“రేపు పోతాండా ఆడికి. అడిగి తెస్తా. మా దగ్గర సాఫ్ట్‌వేర్ ఉండాది. కుట్టుమిషన్లు, కుక్కలు, పక్కన మాట్లాడేవాళ్లు, అన్నీ తుడిచేసి నీ గొంతొక్కటే ఉంచుతాది.”

తెరిచి ఉన్న పుస్తకాన్ని యంత్రం కింద నుంచి మెల్లగా ఎస్తేరు తన వైపు లాక్కుంది.

“మా యమ్మ పోయి నాలుగేండ్లు. ఫోటోలు రెండుండాయి. గొంతు యాడా లేదు. మా వీధిలో ఇంటింటికీ కుట్టుమిషన్లే కదా, అవన్నీ ఒక్కసారి నిలిచిపోతాయి చూడు, అప్పుడు పిలుస్తాదేమో అని చెవి పెట్టి నిలబడతా.”

ఆపై నవ్వింది. ఆ నవ్వు సగంలోనే తడబడింది.

“ఒకరోజు వర్షపాతం పాఠం చదువుతాండా. జిల్లా సగటు ఇంత అని నేను చదివినా. ఆయమ్మ దారాలు కోస్తా, ‘యాడ పడిందంటనే ఆ వాన? మన సేనికి చెప్పకుండా పోయిందే! చాల్లే, లే, సంగటి సల్లారిపోతాండాది’ అనింది. అదీ కార్డులోకి ఎక్కిపాయె. సిగ్గేసి మళ్లీ చదివి ఇస్తానంటే, ఓబుళేసు ఒప్పుకోలే. ‘ఉండనీ అక్కా, అది పెట్టుకుంటే ఆకలైతాది నాకు’ అన్నాడు.”

రంగన్న బ్యాగు సర్దుకుని లేచాడు. ఎస్తేరు గుమ్మం దాకా వచ్చింది.

“మిగతావన్నీ నీ ఇష్టమొచ్చినట్ల శుభ్రం చేసుకో రంగన్నా. పదకొండు ముళ్లది మాత్రం తుడవొద్దు. పిల్లలు విని నవ్వితే నవ్వనీ. కార్డు వాని దగ్గరే ఉండనీ, నాకు కాపీ చాలు. పొద్దున ఫస్టు బస్సుకే పో అప్పా.”