ఓడ దిగి దీవికి దొరగా పోయిన రోజులు

మొన్న ఆదివారం నౌకాదళంలో పనిచేసే మా మేనల్లుడు వచ్చి, నన్ను కృష్ణపట్నం వైపు షికారు తీసుకెళ్లాడు. దారిలో ఉన్నట్టుండి, తనను ఒక దూరపు దీవికి పాలనాధికారిగా వెళ్లమంటున్నారనీ, ఒప్పుకుంటే మళ్లీ ఓడ దక్కుతుందో లేదోననీ బెంగగా చెప్పుకొచ్చాడు. ఆ బెంగ నాకు పాత చుట్టమే.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఉద్యోగం మారాలంటే ఇంటిల్లిపాదీ తర్జనభర్జన పడేవాళ్లం. నేనూ నౌకాదళంలోనే ఉండేవాణ్ణి. ఒక ఓడ కమాండ్ సొంతంగా నా చేతికి రాబోతున్న సమయంలోనే, దీవికి పాలనాధికారిగా పొమ్మని కబురు వచ్చింది. తెల్లదొరల నాటి బంగళా, ముందు జెండాకొయ్య, పిలిస్తే పలికే బంట్రోతులు, చూడబోతే దొరతనమే గాని, ఓడ నడపనివాడికి మా కొలువులో పైమెట్టు లేదు. ఒడ్డెక్కినవాణ్ణి ఎవరూ తలుచుకోరని మా పై అధికారి మొహం మీదే చెప్పేశారు. బుచ్చిరెడ్డిపాలెంలో వరి పండించే మా నాయనైతే, "చేతిలో చేను కౌలుకిచ్చేసి, పరాయి చేనుకి కాపలా పోతావా అబ్బయా?" అన్నాడు. పెళ్లయిన నాటి నుంచీ నా ఓడ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూడటమే కాపురంగా గడిపిన మా ఆవిడ మాత్రం, "పోదాం పదండి, ఒక ఇంట్లో ఉందాం" అంది. ఆ మాటకే ఒప్పుకున్నాను.

మొదట్లో హాయిగానే గడిచింది. తీరిక దొరికితే చేపల పడవెక్కి పగడపు దిబ్బల సందుల్లో తిరిగేవాణ్ణి. ఆ మరుసటేడు వానలు మొహం చాటేశాయి, బావులు ఉప్పెక్కాయి. మంచినీళ్ల ఓడ వస్తోందంటే ఊరంతా బిందెలతో ఒడ్డుకు పరుగెత్తింది, మా ఆవిడతో సహా. ఓడేమో అలల ఉధృతి ఎక్కువగా ఉందని దిబ్బల అవతలే ఆగి, వెనక్కి తిరగబోయింది. నేను పడవలో వెళ్లి, తాళ్ల నిచ్చెన పట్టుకుని పైకెక్కి, దారి నేను చూపిస్తానన్నాను.

"మీ అధికారం ఒడ్డు మీద సార్, ఇక్కడ కాదు," అన్నాడు కెప్టెన్.

"తగిలితే తప్పు నాదేనని రాసుకోండి," అన్నాను. ఓడ దిబ్బకు తగిలితే విచారణ నా మీదికే వస్తుందనీ, ఇక జన్మలో ఓడ మొహం చూడననీ తెలిసే అన్నాను. సందు మధ్యలో ఓడ అడుగున గరగరమని చప్పుడైంది. కెప్టెన్ నా వంక చూశాడు, నేను నీళ్ల వంక చూశాను. దిబ్బ కాదు, ఇసుకే! ఓడ దాటి లోపలికి వచ్చింది, ఊరి బిందెలు నిండాయి.

కొన్నాళ్లకు ప్రధాన కార్యాలయం నుంచి పిలుపు వచ్చింది. ఉద్యోగం ఊడిందనుకునే వెళ్లాను. ఎవరూ తలుచుకోరన్న ఆ పై అధికారే కుర్చీ చూపించి, టీ తెప్పించి, కెప్టెన్ అంతా చెప్పాడనీ, ఒడ్డున కూడా ఓడే నడిపానట కదా అనీ నవ్వి, నాకు ఓడ ఇస్తున్నట్టు చెప్పారు. బయటికొచ్చి మెట్ల మీద కూలబడి, చాలాసేపు ఊరికే గాలి పీల్చుకున్నాను. కబురు తెలిసి మా నాయన "బతికించినావబ్బయా" అన్నాడట. ఆ రోజు కడుపునిండా తిని, మధ్యాహ్నం ఆదమరిచి నిద్రపోయాడని అమ్మ చెప్పింది.

మేనల్లుణ్ణి వెళ్లి రమ్మన్నాను. ఇప్పుడక్కడ ఉప్పునీటిని మంచినీళ్లుగా మార్చే యంత్రాలున్నాయట, వాన కోసం ఎవరూ మబ్బులు చూడరట. మంచిదే, ప్రాణాలు తెరిపిన పడ్డాయి. అయితే, ఓడ కనబడితే చాలు ఊరు ఊరంతా ఒడ్డుకు వచ్చి నిలబడే ఆ సంబరం మాత్రం మావాడి కంటపడదు.