ఆరు గంటల కాగితం

జోసఫిన్ అక్క ముందు కాగితం పట్టుకుని నిలబడాలంటే ఎంత మొనగాడికైనా నోరెండిపోతుంది. సియాటిల్ చుట్టుపక్కల మా తెలుగు చర్చిలో రెయినియర్ కొండెక్కేవాళ్ళం పదిమంది దాకా ఉన్నాం. ఎవరు బయలుదేరినా ముందురోజు బోథెల్‌లో ఆవిడ ఇంటికి వెళ్ళాల్సిందే. ఏ దారిన వెళ్తున్నామో, ఎన్ని గంటలకల్లా ఫోన్ రాకపోతే పార్కు రేంజర్లకి చెప్పాలో రాసివ్వాలి. ఆవిడ మన మొహం చూస్తూ దాన్ని పైకి చదువుతుంది.

ఈ కొండపిచ్చి మాకు అంటించింది ఆవిడ భర్త వినయ్ కుమార్. ఊరు కాకినాడ, ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, ధ్యాసంతా కొండ మీద. చర్చి భోజనాల దగ్గర ప్లేటులో బిర్యానీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చెప్పేవాడు. పద్నాలుగువేల నాలుగువందల అడుగుల అగ్నిపర్వతమట, ఒంటినిండా పాతిక దాకా హిమానీనదాలట. 1870లో, ఎక్కినట్టు దాఖలా ఉన్న మొదటి ఇద్దరికీ పైనే పొద్దుపోతే, బిలంలోంచి వచ్చే ఆవిరి పక్కన మంచుగుహలో, ఒకవైపు ఉడుకుతూ ఒకవైపు గడ్డకడుతూ గడిపారట. 1981లో మంచు విరిగిపడి ఒక్కపూటలో పదకొండుమంది పోయిన సంగతి మాత్రం అక్క వినేటప్పుడు చెప్పేవాడు కాదు.

మూడేళ్ళ కిందట జూన్‌లో ఒక శనివారం, పదివేల అడుగుల ఎత్తున్న మ్యూర్ క్యాంప్ దాకా వెళ్ళి సాయంత్రానికి దిగిపోదామని ఇద్దరం అనుకున్నాం. వాన సూచన చూసి నేను బద్ధకించాను. ఆయన ఒక్కడే బయలుదేరాడు. గుమ్మంలో మడిచిన కాగితం అక్క చేతిలో పెట్టి, "సాయంత్రం ఆరయ్యాక ఒకవేళ నేను..." అన్నాడట. తర్వాత అక్కే చెప్పింది.

"బయటికెళ్తూ ఆ మాటలేంటండీ? ప్రభువు చూసుకుంటాడు. వెళ్ళి రండి," అంది అక్క. కాగితం విప్పకుండానే బైబిల్లో పెట్టేసింది. మన ఇళ్ళల్లో ఎవరైనా అదే చేస్తారు. ఆయనా నవ్వి ఊరుకున్నాడట. నాకిప్పటికీ కోపం ఆ నవ్వు మీదే.

మ్యూర్ క్యాంప్ కింద పెద్ద మంచుమైదానం ఉంది. దాని మీద మబ్బు దిగితే నేలా ఆకాశం ఒకటే తెలుపు. చలికి ఫోన్ చచ్చిపోతుంది. కంపాస్ చూసుకుంటూ దిగకపోతే ఒకపక్క నిస్క్వాలీ, మరోపక్క పారడైజ్, రెండూ లోతైన పగుళ్ళున్న హిమానీనదాలే. మా ఇద్దరిలో కంపాస్ చూడడం నా పని. ఆరోజు అది ఇంట్లో, నా బ్యాగ్‌లోనే ఉండిపోయింది.

ఆరు దాటింది, ఏడు దాటింది. జూన్‌లో ఇక్కడ తొమ్మిది దాకా వెలుతురే. వెనకొకసారి వాతావరణం పాడైతే ఆయన పైన క్యాంప్ షెల్టర్‌లో పడుకుని మర్నాడొచ్చాడు. అక్క ఫోన్ చేస్తే నేనూ అదే చెప్పాను. "షెల్టర్‌లో ఉంటాడులే అక్కా, పైన సిగ్నల్ ఉండదు కదా." కాగితం ఏమైనా ఇచ్చాడా అని అడగాలని తోచలేదు నాకు.

ఆదివారం ఆరాధనలో వాక్యం కోసం బైబిల్ తెరిస్తే కాగితం ఒళ్ళో పడింది. 'ఆరుకి ఫోన్ రాకపోతే ఆగొద్దు. వెంటనే ఈ నంబర్‌కి కాల్ చెయ్.' అప్పటికి పదకొండు కావస్తోంది.

సోమవారం మబ్బు విడిచాక రేంజర్లకి నిస్క్వాలీ వైపు రాళ్ళ దిగువన దొరికాడు. కాలు విరిగి, చేతులతో మంచు తవ్వుకుని అందులో ఒదిగి ఉన్నాడట. ఎప్పుడు పోయారని అక్కే అడిగింది. ఆదివారం తెల్లవారేదాకా ప్రాణం ఉండొచ్చన్నారు. ఆవిడ ఏడవలేదు. శనివారం ఆరు నుంచి వేళ్ళ మీద గంటలు లెక్కపెట్టుకుంది.

కిందటేడు మా కొండెక్కేవాళ్ళలో లోకేష్ దిగొస్తూ దారిలో పిజ్జా దగ్గర ఆగి పది నిమిషాలు ఆలస్యంగా ఫోన్ చేశాడు. అప్పటికే ఆవిడ రేంజర్లకి చెప్పేసింది.

"టెన్ మినిట్సే కదా అక్కా," అని విసుక్కున్నాడు వాడు.

"ఆరంటే ఆరే," అంది.

మొన్న శుక్రవారం, మూడేళ్ళ తర్వాత మొదటిసారి మళ్ళీ కొండకి వెళ్దామని, నా కాగితం పట్టుకెళ్ళాను. ఆవిడ చదువుతూ మధ్యలో ఆగింది. "'లేట్ అయితే' అని రాశావేంటి శశికాంత్?"

"అంటే... అదే అక్కా."

"నేను రాకపోతే అను. నీ నోటితో."

"నేను... రాకపోతే," అన్నాను. ఆవిడ ఫోన్‌లో ఆరుకి అలారం పెట్టుకుంది. గుమ్మం దగ్గర అలవాటు కొద్దీ "వెళ్ళొస్తా అక్కా" అన్నాను.

వెళ్ళి రా అనలేదు ఆవిడ. "కంపాస్ పెట్టుకున్నావా?" అంది. ఈ మూడేళ్ళలో ఆవిడ నా దగ్గర కంపాస్ మాటెత్తడం అదే మొదటిసారి.